అమావాస్యనాటి క్లచ్ వైరు

ఈ ఉదయం మా వసారా అంతా కుట్టుమిషన్ నూనె వాసన. కుట్టుపని చేసేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. మేకుకు నా బైక్ క్లచ్ వైరు వేలాడదీసి, పైకొసలోకి సిరంజితో నూనె ఎక్కించి, కింద పాత మూకుడు పెట్టాను. కింది కొసన నల్లటి చుక్క పేరుకుంది. పడనా వద్దా అని కాసేపు ఆలోచించుకుని పడింది. అమావాస్య పూట ఇదేం పూజ అని చుట్టాలు నవ్వుతారు. నవ్వనీ. ఈ పూజ నాకు నేర్పింది పశువుల డాక్టరు ఆదినారాయణ గారు. ఆయన పోయి రెండేళ్లవుతోంది.

కోటబొమ్మాళి దగ్గర పల్లె పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిగా చేరినప్పుడు ఆయన నా పై అధికారి. ఊళ్లు తిరిగి పశువులకు సూదులు వేయడం నా పని. ఇంట్లో ఉన్నది నాన్న పాత మోటార్ సైకిల్ ఒక్కటే. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న ఎడమ మణికట్టుతో ఆ క్లచ్ నొక్కుతుంటే, మధ్యాహ్నానికి భుజం దాకా నొప్పి పాకేది. ఆడపిల్లకి తిరుగుడు ఉద్యోగమేమిటని ముందే అన్నవాళ్లు ఉండనే ఉన్నారు. నాకేమో ఆ ఉద్యోగమంటే ప్రాణం. అయినా ఒకరోజు సాయంత్రం ఓడిపోయాను.

"ఏటమ్మీ, సెయ్యి అలా ఇదిలిస్తన్నావు?" అన్నారు డాక్టరు గారు.

"నా సెయ్యి ఈ పనికి పనికిరాదండి. మానేద్దామనుకుంటన్నాను."

ఆయన వెళ్లి నా బండి క్లచ్ నొక్కారు. పొగరుబోతు ఎద్దు ముకుతాడు ఒంటిచేత్తో పట్టి నిలిపే మనిషి. ఆయన ముఖమే ముడుచుకుంది.

"ఓలమ్మ! నాకే రాలేదు. ఈ వైరు ఎప్పుడైనా నూనె మొకం సూసిందేటి? తప్పు నీ సెయ్యిది కాదు, వైరుది. రేపు అమాస. ఉద్యోగం సంగతి ఎల్లుండి మాటాడుదాం."

అమావాస్యనాడు మా వైపు రైతులు ఎద్దులకు నాగలి కట్టరు. కడిగి, కడుపునిండా మేత వేసి, బండి ఇరుసుకు కందెన పెట్టుకుంటారు. డాక్టరు గారిది బొబ్బిలి దగ్గర రైతు కుటుంబం. చదువుకున్నా, ఉద్యోగమొచ్చినా ఆ ఆచారం వదల్లేదు. ఎద్దు లేదు కాబట్టి బైకుకు పెట్టుకున్నారు. "ఎద్దుకిచ్చిన సెలవు బండికియ్యమేటి?" అనేవారు.

మర్నాడు ఆసుపత్రి వెనక నా బండి పక్కన గొంతుక్కూచున్నారు. లివరు దగ్గరి బిగింపు వదులు చేసి, గాడిలోంచి వైరు కొస తప్పించారు. తుడిచి, పోగులేమైనా తెగాయా అని కళ్లద్దాలు పైకెత్తి చూశారు. తర్వాత పక్కన పడేసిన లావు సిరంజి తెచ్చి, జబ్బు దూడకు మందు పట్టినంత ఓపిగ్గా పైకొసలోంచి నూనె ఎక్కించారు. కింద ముందు మడ్డి వచ్చింది, తర్వాత తేటగా వచ్చింది. వైరు బిగించి నొక్కమన్నారు. రెండు వేళ్లకే లివరు వచ్చేసింది. బండి మీద కూర్చునే ఏడ్చేశాను.

"కందెన ఎయ్యని బండికి కావలసినంత సంగీతమని ఊరికే అన్నారేటి? సంగీతానికి మా బొబ్బిలి వీణలున్నాయి. నీ బండెందుకు?" అన్నారు ఆయన, నా ఏడుపు చూడనట్టు చేతులు తుడుచుకుంటూ.

ఆయనకు అన్నీ తెలుసని మాత్రం అనుకోకండి. ఆ నూనె ఆముదం. వాళ్ల నాన్న ఇరుసుకు అదే వాడేవారట, అంతకు మించిన శాస్త్రం ఆయనకు అక్కర్లేకపోయింది. ధనుర్మాసం చలిలో ఒక తెల్లవారుజామున, ఆవు ఈనలేకపోతోందని రైతు పరిగెత్తుకొచ్చేసరికి, మా ఇద్దరి బళ్ల క్లచ్ వైర్లూ బంకగా పట్టేశాయి. నొక్కిన లివరు నొక్కినట్టే ఉండిపోయింది. గట్ల మీద నడుచుకుంటూ పోయాం.

"బండికేటైనాది బాబూ?" అన్నాడు రైతు.

"ఆముదం పట్టించీసినాను. కదల్లేదు."

"ఆముదం తాగితే ఆగదు గదా బాబూ!"

డాక్టరు గారు గట్టు మీదే కూలబడి నవ్వారు. దూడ బతికింది. ఆ తర్వాతి అమావాస్య నుంచి వాళ్లావిడ కుట్టుమిషన్ నూనె మా బళ్లకు వచ్చింది.

రిటైరై బొబ్బిలి వెళ్లాక ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చేతి వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని వీధిలోకి విసిరేశారట. "సెయ్యి పనికిరాదని తిండి మానేసి కూకున్నారమ్మీ, నువ్వైనా సెప్పు," అని వాళ్లావిడ ఫోన్ చేశారు.

అమావాస్యనాడు వెళ్లాను. ఎన్నాళ్లుగానో కదలని ఆయన బండి పెరట్లో దుమ్ము కొట్టుకుని ఉంది. వైరు తీసి, తుడిచి, నూనె పట్టించి బిగించాను. పక్కన కుర్చీ వేసి, ఆయన చేతిని లివరు మీద పెట్టాను. వేళ్లు ఊరికే ఆనాయి.

"సూసావా?" అన్నారు, తల తిప్పుకుని.

"తప్పు మీ సెయ్యిది కాదండి, వైరుది. ఇంకా నూనె దిగాలి."

వైరులో ఏ లోపమూ లేదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నా ముఖంలోకి చూసి, వంకరపోయిన మూతితోనే నవ్వారు. మర్నాటి నుంచి రోజూ ఆ కుర్చీ వేయించుకున్నారట. మరుసటి అమావాస్యకు వెళితే, నన్ను చూడగానే చెయ్యి లివరు మీద వేసి, పళ్లు బిగించి, పూర్తిగా నొక్కారు.

"కేసెక్కడమ్మీ? పద," అన్నారు, పశువుకు జబ్బని కబురొచ్చిన రోజుల్లో లాగే.

ఆయన మళ్లీ ఆ బండి నడపలేదు. కానీ ఆ చేత్తో అన్నం కంచం పట్టుకున్నారు, చివరి దాకా. ఆ లావు సిరంజి నాకిచ్చేశారు. ఏ పనైనా బరువై, ఇది నావల్ల కాదనిపించినప్పుడు, నన్ను తిట్టుకునే ముందు వైరు వంక చూడడం నాకు ఆయన దగ్గరే అబ్బింది.

మూకుట్లో చుక్కలు తేటపడ్డాయి. వైరు బిగించి, వంకర మణికట్టుతో లివరు నొక్కాను. తేలిగ్గా వచ్చింది. ఎవరూ లేరు కదా అని, "కేసెక్కడండీ?" అని పైకే అన్నాను.