గుటక

పోయిన శ్రావణంలో రెండో మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు, కామాటిపురలో ఒంటిగదుల చాలులోని మా గదిలో కోడలు నా మనుమరాలిని మళ్లీ రొమ్ముకు పెట్టుకుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. చెంచాతో పోస్తే తాగేది, రొమ్ము దగ్గర నిద్రపోయేది. బరువు పెరగకపోతే మళ్లీ ఆసుపత్రిలో చేర్చాలని డాక్టరమ్మ చెప్పింది.

"నాతోని కాదు అత్తమ్మా. డబ్బా పాలు తెప్పియ్యి," అంది కోడలు.

"తర్వాత ఏడుద్దువు గాని. ముందు పిల్లను సక్కగ పట్టుకో," అన్నాను.

పిల్ల పెదవి మీద పాలచుక్క పిండి, దవడ కింద వేలు ఆనించాను. కింది అంతస్తులోని కార్ఖానా మోతలో గుటక వినపడదు. పిల్ల గొంతు మీద చెయ్యి పెట్టి చూశాను. కదిలింది. కాసేపటికి ఆగిపోయింది, పిల్ల అలసిపోయి నిద్రపోయింది. మిగతా పాలు పిండి, పిల్లను లేపి చెంచాతోనే పోశాం.

ఆ రోజు గదిలో ఉన్నది నేను, నా కోడలు, దక్కుతుందో లేదోనని మేమింకా పేరు పెట్టని ఆ పిల్ల.