బారువ కన్నమ్మ ఇంగ్లీషు

మొగుడు బర్మాలోని రంగం పోయి ఉత్తరం ముక్కయినా వేయకపోయేసరికి, ముప్పై దాటిన వయసులో కన్నమ్మ నౌపడాలో ఉప్పుమళ్ల మీద అధికారం చేసే దొర బంగళాకి ఆయాగా కుదిరింది. పదకొండేళ్లు అక్కడే చేసింది. ఇద్దరు దొరబిడ్డల్ని చంకనేసుకుని పెంచింది. దొర కుటుంబం సీమకి వెళ్లిపోయాక, అరిగిన మోకాళ్లతో సొంతూరు బారువ తిరిగొచ్చి, తమ్ముడి ఇంటి పక్కనే గుడిసె వేసుకుని చేపలెండబెట్టుకుంటూ బతికింది.

అక్షరం రాదు గాని ఇంగ్లీషు వచ్చు. అదీ ఊరికే రాలేదు. మొదట్లో దొరసాని "ఉడ్ యూ బ్రింగ్ ది టీ?" అంటే, తెస్తావా అని అడుగుతోందనుకుని "ఎస్ మేడమ్" అని అక్కడే నిలబడేది. దొరసాని మొహం ఎర్రబడేది. అడిగినట్టుండే ఆ మాట నిజానికి ఆజ్ఞ అని తెలియడానికి ఆర్నెల్లు పట్టింది. "యూ మైట్ హావ్ టోల్డ్ మీ" అన్నది ముందే చెప్పలేదేమన్న తిట్టని తెలియడానికి ఇంకొన్నాళ్లు. చిన్నపిల్ల వెళ్లానని చెప్పబోయి "ఐ గోడ్" అంటే తల్లి "వెంట్" అని దిద్దేది. ఆ దిద్దుబాటు కన్నమ్మకీ అందేది. డిడ్ ముందొస్తే వెంట్ మళ్లీ గో అయిపోతుందని అలాగే పట్టుకుంది. పొద్దుపోయేసరికి ఒంటికన్నా చెవులే ఎక్కువ అలిసిపోయేవి.

బారువ వచ్చిన ఆరో ఏట, ఊరి బడిలో ఇంగ్లీషు చెప్పే మల్లేశ్వరరావు మేష్టారు ఒక మధ్యాహ్నం ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఇరవయ్యేళ్లుగా వ్యాకరణం వల్లె వేయిస్తున్న మనిషి. కిందటేడు తెల్లదొర తనిఖీకొచ్చి ఏదో అడిగితే, పిల్లలందరి ముందూ నోరు పెగల్లేదట. ఈ ఏడూ ఆయనే వస్తాడట. ఆ సంగతి చెబుతున్నంతసేపూ మేష్టారు నేలచూపులే చూశాడు.

కన్నమ్మ చేపలు తిరగేయడం ఆపలేదు. "అచ్చరం ముక్క రాందాన్ని. నాకేటి తెలుసని నేర్పుతాను బాబూ?"

"అక్షరాలు నా దగ్గరున్నాయి కన్నమ్మా. మాటే లేదు."

కాదనే ఓపిక లేక ఒప్పుకుంది. బడి వదలగానే వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు "ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్డే" అన్నాడు. ఎస్టర్డే ఉన్నచోట ఆ హావ్ తానెప్పుడూ వినలేదంది కన్నమ్మ. మేష్టారు తెల్లబోయాడు. ఆ సూత్రం తను పిల్లలకి ఏటేటా చెప్పేదే. నోటికొచ్చేసరికి జారిపోయింది.

రెండు నెలలయ్యాక ఆమె రేకుపెట్టెలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. వెళ్లేముందు దొరసాని రాసిచ్చిందది, ఇంకో కొలువు వెతుక్కోవాలంటే చూపించుకోమని. మళ్లీ కొలువు జోలికి పోలేదు గనక ఎవరిచేతా చదివించుకోలేదు. మేష్టారు నిదానంగా చదివాడు. "కన్నమ్మ ఈజ్ నోన్ టు బి ఆనెస్ట్. షి వాజ్ లైక్డ్ బై ది చిల్డ్రన్. షి విల్ బి మిస్డ్."

కన్నమ్మ ఆ కాగితం మీదికి వంగింది. "మిస్సవుతాదన్నారు గదా బాబూ. ఎవులికి? అందులో ఎవులున్నారు?"

"ఎవరూ లేరు. చేసేవాళ్లని చెప్పకుండా చెప్పే పద్ధతి అది. సర్కారు కాగితాలన్నీ అలాగే ఉంటాయి."

"నాకు తెల్దా? కప్పు పగిలితే నానూ అలాగే సెప్పీదాన్ని. ఇట్ వాజ్ బ్రోకెన్ మేడమ్, అని. నానిరగ్గొట్టినానని ఒక్కనాడూ సెప్పనేదు."

దొరసాని పేరు అక్కడ ఉన్నట్టే అనుకోవాలని మేష్టారు సర్దిచెప్పబోయాడు. ఆమె వద్దంది. "ఉన్నదే సదవండి. పిల్లల ముక్క మల్లీ ఓపాలి సదవండి."

రెండుసార్లు చదివించుకుని కాగితం మడిచేసింది.

ఆ నెలాఖరున తనిఖీ జరిగింది. దొర అడిగిన నాలుగు మాటలకీ మేష్టారు తడబడుతూనే జవాబిచ్చాడు. ఆ సంగతి చెబుదామని అరటిపళ్లు పట్టుకుని వస్తే, కన్నమ్మ వాటిని తన తమ్ముడి మనవరాలికిమ్మని చెప్పి పనిలో పడింది. మరుసటేడు ఆయనకి టెక్కలి బదిలీ అయింది. ఆ తర్వాత ఇంగ్లీషు మాట్లాడే అవసరం కన్నమ్మకి పడలేదు. చేపలెత్తి, మోకాళ్లకి ఆముదం రాసుకుని మధ్యాహ్నాలు నీడన నడుం వాల్చేది. నిద్ర మాత్రం పట్టేది కాదు, కాగితంలోని పిల్లల ముక్క చెవుల్లో మెదులుతుండేది.