చింతపండుతో తోమిన తూటాలు

మా కఫీల్‌కు, అంటే నన్ను పనికి తెచ్చుకున్న సౌదీ యజమానికి, ఉనైజా ఊళ్లో ఖర్జూరపు తోట ఉంది, దానికి మించిన వేట పిచ్చి ఉంది. ఏటా ఆఫ్రికా వెళ్లి దున్నలంత జింకలను కొట్టి వస్తాడు. కొన్న తూటాలు ఆయన కంటికి ఆనవు. తోట వెనక గదిలో, తన వేట రైఫిల్‌కు తూటాలు తనే తయారుచేసుకుంటాడు. పేల్చాక మిగిలిన తూటాల ఇత్తడి గొట్టాలను పారేయకుండా తెచ్చి మళ్లీ తుపాకి మందు కూరుతాడు. ఆ మందును బంగారం తూచినట్టు తూస్తాడు. మూడేళ్లుగా చాకిరీ చేస్తున్న నా పేరు మాత్రం ఆయనకు నోరు తిరగదు. "యా హిందీ", ఓ ఇండియావాడా, అని పిలుస్తాడు.

ఆ ఏడు ఇంటి దగ్గర నా భార్యకు గర్భసంచి ఆపరేషన్ అన్నారు. ఆసుపత్రిలో తోడుండడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఆయన ఫోన్‌లో రీ-ఎంట్రీ, అంటే వెళ్లి తిరిగొచ్చే అనుమతి, వేస్తేనే నేను దేశం దాటగలను. అడిగితే, వేట సామాను సర్దాక చూద్దామన్నాడు. ఆయన్ను మంచి చేసుకుందామని, నా పాడు బుద్ధి, చెప్పకుండానే పనిలోకి దిగాను. మసిబారిన ఆ గొట్టాలు నా కంటికి పండగ ముందు తోమే ఇత్తడి బిందెల్లాగే కనిపించాయి. చింతపండు గుజ్జులో పొద్దంతా నానబెట్టి, బూడిదతో రుద్ది రుద్ది తోమాను. తళతళలాడాయి. ఎంత మురిసిపోయానో!

మర్నాడు ఆయన ఒక గొట్టాన్ని ఎండకు పట్టి చూశాడు. అక్కడక్కడా ఎర్రగా తేలింది. పులుపు ఇత్తడిని తినేసిందని, పేలిస్తే అది చీలి తన కళ్లు పోతాయని అరిచాడు. నిజమే కావచ్చు. తెలియక చేశానని కాళ్లావేళ్లా పడ్డాను. అన్నిటినీ చెత్తలో పోసి, "ఖలాస్, మాఫీ ఇజాజా" అన్నాడు. సెలవు లేదు, పో అని.

ఆ ఇత్తడి కోసం ఆయన పడ్డ బాధలో పిసరంతైనా నా ఇంటిదాని కోసం పడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వారం తిరక్కుండా ఆయనకు కొత్త గొట్టాలు వచ్చాయి. సబ్బునీళ్లతో మాత్రమే కడగమని నాకే ఇచ్చాడు. నోరు మూసుకుని కడిగాను. అందుకు ఆయన మీద కంటే నా మీదే నాకు ఎక్కువ అసహ్యం.

జరిగిందంతా నా భార్యకు ముందే చెప్పాను. ఆపరేషన్ అయిన మూడోనాడు ఫోన్ చేసింది. గొంతు పీలగా ఉంది.

"మెలకువొచ్చి చూస్తే మనోళ్లు ఒక్కలు గూడ లేరు. నీ మొగడేడమ్మా అని నర్సమ్మ అడిగింది. సౌదిల తూటాలు తోముతుండని ఏం చెప్పాలె? సచ్చిండని చెప్పిన."