పెట్టె దించిన సాయంత్రం

మా అమ్మాయి క్యాన్వాసు బూట్లకు తెల్ల పాలిష్ పూసి కిటికీ గట్టు మీద ఆరబెట్టింది. ఆ తడి సుద్ద వాసన ముక్కుకు తగలగానే జనగామలో నేను చదివిన పాత ఇంగ్లీషు బడి, దాని రాతి గోడలు, తెల్లవారక ముందే మోగే ఇత్తడి గంట, చన్నీళ్ళ కోసం బకెట్లు పట్టుకుని వణుకుతూ నిలబడ్డ అమ్మాయిలు, అంతా ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది.

మాది కొత్తగూడ అడవి పక్కన తండా. ఇంట్లో లంబాడీ, తెలుగు రెండు మాటలూ. లెక్కల్లో చురుకైనదాన్నని ఆరో తరగతిలో ఆ బడిలో సీటు వచ్చింది. బాపు కొత్త ట్రంకు పెట్టె కొని, దాని మీద తెల్ల రంగుతో ‘సరోజ’ అని రాయించి, నన్ను అక్కడి హాస్టల్లో దింపి వెళ్ళాడు.

అక్కడ అన్నీ వింతలే. మెడకు టై, ఆదివారం పొద్దున రొట్టెలోకి జాము, అర్థం తెలియకపోయినా గొంతెత్తి పాడే ఇంగ్లీషు ప్రార్థనలు, వానాకాలం సాయంత్రాల్లో పొడుగాటి వరండాలో గచ్చకాయల ఆట, చలికాలం జామచెట్టు మీదికి చాటుమాటుగా దండయాత్రలు. పిల్లలందరినీ నాలుగు రంగుల జట్లుగా విడదీసి వాటిని ‘హౌస్’లనేవారు. మాది పచ్చ హౌస్. ఆటలో నేను గాలిలా ఉరికేదాన్ని గానీ, తరగతిలో టీచర్ ప్రశ్న అడిగితే మాత్రం జవాబు తెలిసి కూడా చెప్పడానికి ఇంగ్లీషు మాట దొరక్క దిమ్మెలా నిలబడిపోయేదాన్ని. దసరా సెలవుల్లో బాపుతో తెగేసి చెప్పాను, ఇక చదవనని. “మక్కలు కొట్టినంక వచ్చి తోల్కపోత బిడ్డా, అందాక ఓపిక పట్టు,” అన్నాడు.

చెప్పినట్టే మొక్కజొన్న కోతలు కాగానే వచ్చాడు, తువ్వాలులో రేగుపండ్లు మూటగట్టుకుని. సరిగ్గా ఆ రోజే మా పచ్చ హౌస్‌కూ ఎర్ర హౌస్‌కూ ఖోఖో ఫైనల్. గెలిచిన జట్టును కాళేశ్వరం తీసుకుపోతామని బడివాళ్ళు చెప్పినప్పటి నుంచీ హాస్టల్లో ఎవరి కాళ్ళూ నేల మీద నిలవడం లేదు. నేను మాత్రం బట్టలు సర్దేశాను. బాపు పెట్టెను ఆటోలోకి ఎక్కించాడో లేదో షాహీన్ ఉరికొచ్చింది. నా పక్క మంచం పిల్ల, మహబూబాబాద్‌లో బట్టల దుకాణం వాళ్ళ బిడ్డ, మా జట్టు కెప్టెన్.

“అరె సరోజా, నువ్వు పోతె ఎవరు ఉరుకుతరు? ఆట అయినంక పో. జర ఆలోచన జెయ్యి!”

నేను బాపు ముఖం చూశాను.

“ఆడు బిడ్డా. బస్సు మల్లొకటి ఉంటది,” అని ఆయన ఆటోవాణ్ణి ఆగమని చెప్పి, పెట్టె పక్కనే కూర్చున్నాడు.

ఎర్రమట్టి లేస్తోంది, రెండు వైపులా పిల్లలు పళ్ళేలు వాయిస్తున్నారు, పాయింట్లు సమానం. ఎర్ర హౌస్ కెప్టెన్, పదో తరగతి అక్క, పొడుగు కాళ్ళతో వరుస మధ్యలోంచి పాములా మెలికలు తిరుగుతోంది. ఆమె ఒక్కతి అవుటైతే మేం గెలిచినట్టే. వెనక నుంచి షాహీన్ నా వీపు చరిచి “ఖో!” అంది. లేచాను. అక్క స్తంభం చుట్టూ తిరగబోతుంటే ఒక చేత్తో స్తంభం పట్టుకుని గాల్లోకి దూకి, రెండో చెయ్యి చాచాను. నా వేళ్ళు ఆమె మడమకు తగిలాయి. మరుక్షణం మోకాళ్ళ మీద పడ్డాను.

విజిల్ మోగలేదు. ఆటల సార్‌కు దుమ్ములో కనపడలేదట. తగలలేదని ఎర్ర హౌస్, తగిలిందని మేము, ఒకటే కేకలు. సార్ చెయ్యెత్తి అందరినీ ఆపి, నన్నే చూస్తూ ఇంగ్లీషులో అడిగాడు, తగిలిందా అని. మడమను ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు.

“ఎస్ సర్! ఐ టచ్! హియర్!” అని నా మడమ పట్టుకుని చూపించాను, గొంతు చిరిగేలా.

ఒక్కరూ నవ్వలేదు. ఎర్ర హౌస్ అక్క రొప్పుతూ నా వైపు చూసి, తనే చెయ్యెత్తింది. “షీ ఈజ్ రైట్, సర్,” అంది. సార్ తలూపి విజిల్ ఊదాడు.

ఆ తర్వాత ఎవరు నన్ను ఎత్తారో, ఎవరి భుజాల మీద ఊరేగానో తెలియదు. దిగి చూస్తే బాపు గుంపులోకి దూరి వచ్చి ఉన్నాడు.

“గంత పెద్ద సారు నువ్వేందో చెప్తె తలకాయ ఊపిండు! ఏం చెప్పినవ్ బిడ్డా?”

“నేను ముట్టిన్నని చెప్పిన.”

“ఇంగ్లీష్‌లనేనా?” అని అడిగి, నేను తలూపగానే పక్కనున్న వాళ్ళందరి ముఖాలూ చూస్తూ నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు, “మరి పోదమా? ఆటో ఉన్నది.”

“పెట్టె దించు బాపు.”

ఆయన పెట్టెను భుజానికెత్తుకుని నా మంచం దాకా తెచ్చి పెట్టి, ఒక్కడే బస్సెక్కాడు.

తర్వాతి ఆదివారం కాళేశ్వరం పోయినప్పుడు, మా వాగు తప్ప నీళ్ళెరుగని నేను, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట రెండు రంగుల నీళ్ళు పక్కపక్కనే పారుతుంటే చూసి నోరు తెరిచాను. మోకాళ్ళ లోతులో నిలబడి, పులిహోర పొట్లాలు పైకెత్తి పట్టుకుని, గొంతులు బొంగురుపోయే దాకా అరిచాం.

బాపు ఇప్పుడు లేడు. నేను లెక్కల టీచర్నయ్యాను, షాహీన్ డాక్టరైంది. మొన్న ఇద్దరం జనగామ వెళ్ళాం. ఆ బడిలో హాస్టల్ తీసేశారు. సాయంత్రమైతే పసుపు బస్సులు పిల్లలందరినీ ఇళ్ళకు చేరుస్తాయి. మేము ఆడిన మైదానంలో ఆ బస్సులు నిలుపుతున్నారు.

“స్తంభం గీడ్నే ఉండె,” అంది షాహీన్, ఒక బస్సు చక్రం పక్కన నిలబడి.

“కాదే, గా మూలకు!” అన్నాను.

వాచ్‌మన్ వచ్చి గేటు మూయాలని చెప్పే దాకా ఇద్దరం ఆ బస్సుల మధ్య తిరిగాం, వాదులాడుకుంటూనే.