నీడల టీచర్

ఏడో తరగతి సైన్స్ టీచర్‌కి పిల్లలు పెట్టుకున్న పేరు నీడల టీచర్. బల్లకో ట్యాబ్ ఇచ్చి, దాని కెమెరాని బొమ్మ అచ్చేసిన కార్డు వైపు తిప్పమంటుంది. తెరలో ఆ కార్డు మీద గుండె లేచి నిలబడి కొట్టుకుంటుంది. కార్డు మీద నీడ పడిందా, గుండె మాయం. అందుకే పాఠమంతా, "తలలు వెనక్కి! నీడ, నీడ!" అంటూ రుమాలుతో తెరలు తుడుస్తూ బల్లల మధ్య తిరుగుతుంది. ఎంత అరిచినా ఆమె మొహంలో కంగారన్నది ఎవరూ చూడలేదు.

ఈరోజు ముందుబల్ల పిల్ల వాళ్ళమ్మకి గుండె ఆపరేషన్. ఈపాటికి థియేటర్లో ఉంటుంది. పాఠం మార్చేద్దామనుకుంది టీచర్. "వద్దు టీచర్, అమ్మకి ఎక్కడ కోస్తారో చూపించండి," అని పిల్లే పట్టుబట్టింది. చూపిస్తుంటే తరగతంతా ఆ బల్ల మీదికి వంగింది. గుండె మాయమైపోయింది. పిల్ల మొహం పాలిపోయింది. "ఆగిపోయిందా టీచర్?" టీచర్ ఎవరినీ కసరలేదు. ట్యాబ్ పక్కకి నెట్టి, బల్ల మీదికి వంగి, పిల్ల వేళ్ళు తన మణికట్టు మీద పెట్టుకుంది. "ఆగలేదమ్మా. ఇదిగో, చూడు." పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. "మీదేంటి టీచర్, ఇంత దడదడా కొట్టుకుంటోంది?" టీచర్ నీడ కార్డు నిండా పరుచుకుని ఉంది. జరగమని ఎవరూ అనలేదు.