పాదువా పంతులుగారి ఒంటితీగ

నాకు సవతి అంటూ ఉంటే అది ఆడది కాదు, ఆరువందల ఏళ్ల కిందట పోయిన ఒక ఇటలీ పంతులు. పాదువాలో ఉండేవాడట. లెక్కల మీదా రాశాడు, సంగీతశాస్త్రం మీదా రాశాడు. ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య ఉన్న దూరాన్ని సమానమైన ముక్కలుగా కోయొచ్చన్న ముందుతరం పండితుణ్ణి తన రాతల్లో ఏకిపారేశాడు. మా ఆయన ఇక్కడి యూనివర్సిటీలో లెక్కలు చెబుతారు, ఈ పంతులు మీద పుస్తకం రాస్తున్నారు. ఈ పరాయిదేశంలో, హారిసన్ అనే పేటలో, మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ఆయన గొడవే. "చెవి మనిషిని బట్టి మారుతుంది, లెక్క మారదు" అని నాకు పాఠం చెబుతూ పప్పు చల్లార్చేస్తారు.

నేను పాడతాను. శనివారాలు పిల్లలకి నేర్పుతాను. నేను తెలుగులో తిడితే వాళ్లు ఇంగ్లీషులో సారీ చెబుతారు. పెళ్లయినప్పటి నుంచి నా తంబురా శ్రుతి చేసేది మాత్రం ఆయనే. పాడటం రాదుగానీ చెవి నిక్కచ్చి. నా గొంతు కాస్త జారితే చాలు, పక్క గదిలోంచి దగ్గు వినిపించేది. ఆ దగ్గు వింటే నాకు ఒళ్లు మండేది.

ఈ చలికాలం ఆయన పంతులుగారి పద్ధతిలో ఒంటితీగ వాయిద్యం చేశారు. పొడుగాటి చెక్క మీద ఒకే తీగ బిగించి, స్కేలుతో కొలిచి గుర్తులు పెట్టారు. తీగలో మూడింట రెండు వంతులు మోగితే పంచమం పలకాలి. మీటి, మొహం చిట్లించారు.

"ఇది పంచమం కాదు."

నాకు శుభ్రంగా పంచమమే వినిపించింది. అదే చెప్పాను.

"హీటర్ వేడికి వుడ్ ష్రింక్ అయినట్టుంది. నువ్వు ప్రాపర్‌గా వినడం లేదు," అన్నారు.

తీగ మార్చారు. చెక్క మార్చారు. చివరికి స్కేలునే అనుమానించి కొత్తది కొనుక్కొచ్చారు. మొదట్లో నాకు నవ్వొచ్చింది. తర్వాత ఒక్కొక్కటీ కంటపడసాగాయి. ఫోను ఎప్పుడూ కుడిచెవికే. లైట్ రైల్లో పట్టుబట్టి నన్ను తన కుడిపక్కనే కూర్చోబెడుతున్నారు. ఎడమచెవిలో నీళ్లు నిండినట్టుందని తల విదిలిస్తున్నారు. నేను డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటే, బుక్ పని ఉందని కాన్సిల్ చేశారు. నాకు భయం పట్టుకుంది. ఆయన చెవి పోతోందేమోనన్న మాట నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. పైకి అనేస్తే నిజమైపోతుందేమోనని.

ఒక శనివారం మధ్యాహ్నం, పిల్లలు రాకముందు, ఆయన తంబురా శ్రుతి చేసి నా చేతికిచ్చారు. మీటాను. పంచమం దిగిపోయి ఉంది. ఏదో వెంట్రుకవాసి కాదు, కొత్తగా చేరిన పిల్లకైనా తెలిసేంత. ఆయన మాత్రం తృప్తిగా నా వంక చూస్తున్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి నేనే బిరడా తిప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏం చేస్తున్నావ్? పర్ఫెక్ట్‌గా ఉంది కదా!"

"లేదండీ. శ్రుతి కలవలేదు. మీ చెక్క బాగానే ఉంది. మీ పంతులుగారి లెక్కా బాగానే ఉంది."

కోప్పడతారనుకున్నాను. కోప్పడితే బాగుండేది. మెల్లగా తంబురా నా ఒళ్లోంచి తీసి సోఫాకి ఆనించారు. బయట గాలికి పక్కింటివాళ్ల గేటు కొట్టుకుంటోంది. దానివైపు కూడా ఆయన తల తిప్పలేదు.

"ఒక్కసారి సా పాడు," అన్నారు.

పాడాను. కుడిచెవి మూసుకుని విన్నారు. తర్వాత ఎడమచెవి మూసుకుని విన్నారు. మళ్లీ మార్చారు. ఆపొద్దని సైగ చేశారు. ఊపిరి తీసుకుని మళ్లీ అందుకున్నాను. వదల్లేదు. ఆపితే ఆయన ఏదో అంటారని, అది నేను వినాల్సి వస్తుందని.

చివరికి చేతులు రెండూ దించేశారు. నా నోటి వంకే చూస్తూ, పరాయింట్లో మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నారు.

"ఇద్దరు పాడుతున్నారు. ఇద్దరికీ శ్రుతి కలవడం లేదు. వాళ్లలో నీ గొంతు ఏది?"