కాగితం మీది రెండో దెబ్బ

ముప్పై ఏళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. కూర్చోలేక లేచి తిరిగి, మళ్లీ కూర్చుని రాస్తున్నాను.

జగిత్యాల శివారులో భూమి అదుర్లు నమోదు చేసే చిన్న కేంద్రంలో నా ఉద్యోగం. తిరిగే డ్రమ్ముకు చుట్టిన కాగితం మీద సూది గీసే గీతను చదవడమే పని. నక్సలైట్ అన్నలకూ పోలీసులకూ భయపడుతూ బతికే రోజులవి. మందుపాతరలు పేలేవి, బావుల్లో బండలు పేలేవి, ఎప్పుడో ఓసారి భూమీ కదిలేది. ఏది ఏదో తేల్చాలి. పేలుడైతే గీత ఎగిరిపడే మొదటి దెబ్బే పెద్దది, తర్వాత త్వరగా చల్లారుతుంది. భూకంపమైతే మొదటిది చిన్నది, కాస్త ఆగి వచ్చే రెండోది పెద్దది.

పుస్తకంలో చదివిన ఈ సంగతి నాకు కళ్లారా చూపించినవాడు రాజయ్య. రుద్రంగి వైపు బావుల్లో బండకు మందు పెట్టి పేల్చే కూలీ. లైసెన్సు లేదు. ఆ పని చేసేవాళ్లలో ఎవరికుంది? పేల్చిన ప్రతిసారీ టైము గుర్తుపెట్టుకుని, జగిత్యాల వచ్చినప్పుడు నాకు చెప్పేవాడు. ఆ రోజు కాగితం తీసి, ఆ దెబ్బ పక్కన పెన్సిల్‌తో అతని పేరు రాసుకునేవాణ్ని.

ఒక మధ్యాహ్నం వాళ్ల ఊరి బయట పాత కల్వర్టు కూలింది. పోలీసు జీపు దాటి కాసేపే అయింది. మందుపాతర అన్నారు. ఊళ్లో మందు ఎవరి దగ్గరుంటుంది? రాజయ్యను పట్టుకుపోయారు.

సాయంత్రం కాగితం విప్పాను. మొదటి దెబ్బ చిన్నది. రెండోది పెద్దది. అనుమానమే లేదు. కానీ నేను భూకంపమంటే పోల్చి చూడ్డానికి పాత కాగితాలన్నీ తెమ్మంటారు, వాటి నిండా నా చేతిరాతలో అతని పేరుంది, నువ్వు వాడికి ఏమవుతావని అడుగుతారు. మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పేలుడే అని రాసిచ్చాను. అతను వెళ్లాక రబ్బరు తీసుకుని పేర్లన్నీ చెరిపాను.

మూడో రోజు రాజయ్య భార్య లచ్చవ్వ వచ్చింది.

“సారూ, మా ఆయన చెప్పి పంపిండు. పేలిందా, భూమి అదిరిందా మీ మిషిన్ల తెలుస్తదట గద. జర జూసి చెప్పుండ్రి.”

“కాగితం హైదరాబాద్ పోయింది లచ్చవ్వా.”

“మల్ల ఎప్పుడస్తది?”

“రాదు.”

“గట్లనా సారూ.”

కాగితం నా మోచేతి కింద సొరుగులోనే ఉంది. ఇన్‌స్పెక్టర్ ముందు భయపడ్డాననుకుందాం. ఆమె ముందు ఎందుకు భయపడ్డాను? చేతిలో తుపాకీ లేని మనిషికి అబద్ధం చెప్పడం ఎంత సులువో ఆ రోజు తెలిసింది, ఆ సులువే ఇన్నేళ్లుగా నన్ను నిలవనివ్వడం లేదు.

నేను రాసిచ్చిందే సాక్ష్యమై రాజయ్య నాలుగేళ్లు జైల్లో ఉన్నాడు. లచ్చవ్వ కోరుట్లలో పుట్టింటికి చేరి, బీడీలు చుట్టి పిల్లల్ని సాకింది.

విడుదలయ్యాక ఒకసారి సిరిసిల్ల బస్టాండులో కనిపించాడు. నేను తప్పుకునే లోపే దగ్గరికొచ్చి దండం పెట్టాడు. “మీరేం జేస్తరు సారూ, మిషినుకే తెల్వకపాయె,” అని నన్నే ఓదార్చాడు. నేను తలూపాను. నిజం చెప్పడం ఒక్క మాటతో అయిపోయేది. బస్సు వచ్చిందని ఎక్కేశాను. అది నా బస్సు కాదు.

అతను ఇంకా బతికే ఉన్నాడు. ఇల్లు ఎక్కడో కూడా నాకు తెలుసు. పోలేదు. పోతానని కూడా మాటివ్వలేను.

మిషన్‌కు తెలిసింది. నాకూ తెలిసింది. పేలుడని రాసింది ఈ చెయ్యే. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది.